సర్వర్లలో నెట్‌వర్క్ పోర్టులకు మీరు ఏ పేర్లు పెట్టుకుంటున్నారు?

పెన్నాతీరం | నెల్లూరు | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ముత్తుకూరు రోడ్డు వైపు రొయ్యల ప్రాసెసింగ్ చేసే కంపెనీలో సర్వర్లు చూస్తాను. ప్లాంటు, ఐసు ఫ్యాక్టరీ, రెండు కోల్డ్ స్టోరేజీలు, టౌన్లో ఆఫీసు, అన్నీ కలిపి 11 లైనక్స్ సర్వర్లు. చూసే మనిషిని నేనొక్కడినే.

మొన్న సోమవారం తెల్లవారుజామున ప్లాంటు సర్వర్లో కొత్త ఎన్‌వీఎంఈ డిస్కు (నెట్‌వర్క్ కార్డులాగే మదర్‌బోర్డు పీసీఐ లైన్ల మీద కూర్చునే రకం) పెట్టాల్సి వచ్చింది. వాన బాగా పడుతోంది. అక్కడ ఎలక్ట్రీషియన్ అన్న తెలివైనవాడే, ఫోన్లో చెబితే ఆయనే బిగించాడు. ఆన్ చేశాక లైట్లన్నీ వెలిగాయన్నాడు. నాకు మాత్రం పింగ్ రాలేదు, అంటే సర్వర్ నెట్‌వర్క్‌లో పలకలేదు. కేబుల్ తీసి పెట్టించాను, స్విచ్‌లో పోర్ట్ మార్పించాను, ఏం చేసినా రాలేదు. చివరికి బైకు మీద తడుస్తూ పోయి స్క్రీన్ పెట్టి చూస్తే, నిన్నటిదాకా ఈఎన్‌పీ3ఎస్0 అని ఉన్న కార్డు పేరు ఈఎన్‌పీ4ఎస్0 అయిపోయింది. బ్రిడ్జి (కార్డుకు సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునే స్విచ్) సెట్టింగులో పాత పేరే ఉంది కాబట్టి అది లేవలేదు. రెండు గంటలు గేట్ పాసులు చేత్తో రాశారు. బయట ఏసీ కంటైనర్లు వరసగా నిలబడిపోయాయి.

డిస్కు పెడితే నెట్‌వర్క్ కార్డు పేరు ఎందుకు మారాలి? ఇంకోసారి ఇలా జరగకుండా 11 సర్వర్లకీ ఒకే పద్ధతి పెట్టుకోవాలనుకుంటున్నాను. మీరు ఏం వాడుతున్నారో, ఎందుకో చెప్పండి.

గెలాక్సీరాయి | చీమకుర్తి | శుక్రవారం రాత్రి 10:05

అన్నా, మా క్వారీ ఆఫీసులో పాత పద్ధతే. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) లేచేటప్పుడు చదివే లైన్‌లో నెట్.ఇఫ్‌నేమ్స్=0 అని రాసేశాను. అన్నిచోట్లా కార్డు పేరు ఈత్0. ఐదేళ్లయింది, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. పేరు చిన్నది, ఫోన్లో చెప్పడానికి కూడా తేలిక.

ఒంగోలుగిత్త | ఒంగోలు | శుక్రవారం రాత్రి 10:48

చీమకుర్తి తమ్ముడూ, నీ సర్వర్లకు ఒక్కొక్క పోర్టే ఉండి ఉంటుంది. ఒక్కటే ఉంటే అది ఎప్పుడూ ఈత్0నే అవుతుంది, తప్పే అవకాశం లేదు. రెండో కార్డు పెట్టి చూడు, కథ మారుతుంది.

ఈత్0, ఈత్1 అనేవి కెర్నల్‌కు ఏ కార్డు ముందు కనబడితే దానికి ముందు పెట్టే పేర్లు. రెండు కార్డులకు వేర్వేరు డ్రైవర్లుంటే ఈ రోజు ఒకటి ముందు లేస్తుంది, రేపు ఇంకొకటి. నేను 2010 ప్రాంతంలో ఈ బాధ పడ్డాను. రీబూట్ చేస్తే బయటి ఇంటర్నెట్ కేబుల్ ఉన్న పోర్ట్‌కు లోపలి అడ్రస్ వచ్చి కూర్చుంది. ఫైర్‌వాల్ తలకిందులైపోయింది. ఇది పింగ్ రాకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే ఒక్కోసారి అంతా పనిచేస్తున్నట్టే కనబడుతుంది.

దానికి విరుగుడుగా యూడెవ్ (లైనక్స్‌లో పరికరాలను గుర్తించే భాగం) ఒక రూల్స్ ఫైలు తనే రాసుకునేది. ఈ మ్యాక్ అడ్రస్ (ప్రతి కార్డుకూ ఉండే గుర్తింపు నంబర్) ఉన్నది ఈత్0, ఆ మ్యాక్ ఉన్నది ఈత్1 అని. వర్చువల్ మెషీన్‌ను (సాఫ్ట్‌వేర్‌లో నడిచే కంప్యూటర్) క్లోన్ చేస్తే మ్యాక్ మారుతుంది, పాత మ్యాక్ ఫైలులో అలాగే ఉంటుంది, కొత్తది ఈత్1 అయి కూర్చుంటుంది. క్లోన్ చేసిన ప్రతిసారీ ఆ ఫైలు చెరిపిన రోజులు నాకు ఇంకా గుర్తే. డెల్ వాళ్లు బయోస్‌డెవ్‌నేమ్ అని తెచ్చారు, ఈఎమ్1, పీ1పీ1 లాంటి పేర్లు దానివే. తర్వాత 2013లో సిస్టమ్‌డి (లైనక్స్‌ను లేపి నడిపే సాఫ్ట్‌వేర్) 197తో ఇప్పటి పద్ధతి వచ్చింది. మదర్‌బోర్డు మీదున్న పోర్ట్‌కు ఫర్మ్‌వేర్ నంబర్ ఇస్తే ఈఎన్‌ఓ1, స్లాట్ నంబర్ తెలిస్తే ఈఎన్‌ఎస్1, రెండూ తెలియకపోతే పీసీఐ దారిని బట్టి ఈఎన్‌పీ3ఎస్0.

నేను డిఫాల్ట్ పేర్లే ఉంచుతాను. పేరు చూస్తే కార్డు ఎక్కడుందో తెలుస్తుంది, నా తర్వాత వచ్చేవాడికి నేను విడిగా ఏమీ నేర్పాల్సిన పని ఉండదు.

పెన్నాతీరం | నెల్లూరు | శుక్రవారం రాత్రి 11:02

అన్నా, నన్ను వానలో 22 కిలోమీటర్లు తిప్పింది ఆ డిఫాల్ట్ పేరే కదా.

మొలగొలుకులు | కోవూరు, ఇప్పుడు హైదరాబాద్ | శనివారం ఉదయం 7:15

పెన్నాతీరం తమ్ముడూ, నీ తప్పేమీ లేదు. సిస్టమ్ కూడా చెప్పినట్టే చేసింది. ఈ పేర్లను ముందే ఊహించగల పేర్లు అంటారు గానీ, హార్డ్‌వేర్ మారనంత వరకే ఆ మాట చెల్లుతుంది.

ఈఎన్‌పీ3ఎస్0లో 3 అంటే పీసీఐ బస్ నంబర్. అది స్లాట్ మీద అచ్చుకొట్టిన నంబర్ కాదు. మెషీన్ లేచేటప్పుడు బోర్డు మీదున్న పీసీఐ బ్రిడ్జిలను ఒక్కొక్కటే తడుముకుంటూ పోయి, వరసలో కనబడిన కొద్దీ 1, 2, 3 అని వేసుకునే లెక్క. సత్రంలో వచ్చినవాళ్లను వచ్చినట్టు గదుల్లో దించుతూ పోతే, మధ్యలో కొత్తవాళ్లు దిగగానే వెనకవాళ్లందరి గది నంబర్లూ జరుగుతాయి కదా. నీ డిస్కు ఆ వరసలో నెట్‌వర్క్ కార్డు కంటే ముందు దిగింది. 3 డిస్కుకు పోయింది, కార్డు 4కు జరిగింది. గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఇలాగే జరగొచ్చు. ఒక్కోసారి బయోస్‌లో ఏదో ఒక పోర్ట్ ఆపేసినా చాలు.

ఇక్కడ చాలామంది తడబడే ఇంకో సంగతి ఉంది. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ చూపించే బస్ నంబర్ హెక్సాలో, అంటే 9 తర్వాత ఏ, బీ అని సాగే పదహారు అంకెల లెక్కలో ఉంటుంది, పోర్ట్ పేరులో మామూలు పది అంకెల లెక్కలో ఉంటుంది. అక్కడ 0ఏ అని కనబడితే ఇక్కడ ఈఎన్‌పీ10ఎస్0. ఇది తెలియక నేను ఒకసారి వేరే కార్డు పీకాను.

హార్డ్‌వేర్ ముట్టుకోకపోయినా పేరు మారే సందర్భం కూడా చూశాను. కెర్నల్ అప్‌గ్రేడ్ తర్వాత కొన్ని డ్రైవర్లు పోర్ట్ నంబర్‌ను కొత్తగా చెప్పడం మొదలుపెడతాయి, అప్పుడు పేరు చివర ఎన్‌పీ0 అని తోక వస్తుంది. నిన్న ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్0, ఈ రోజు ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్0ఎన్‌పీ0. సెట్టింగ్ ఫైలులో పాతదే ఉంటుంది.

అందుకని నా సలహా ఒకటే. ఒకటి కంటే ఎక్కువ పోర్టులున్న ప్రతి సర్వర్‌కూ పేరు మీరే పెట్టండి, లింక్ ఫైలులో రాసి కట్టేయండి.

మైపాడుఅల | నెల్లూరు | శనివారం ఉదయం 8:30

అక్కా, నేను ఇప్పుడే నేర్చుకుంటున్నాను. లింక్ ఫైలు అంటే ఎక్కడుంటుంది? అందులో ఏం రాయాలి? ఈత్0 అనే పేరునే అందులో పెట్టుకోవచ్చా?

మొలగొలుకులు | కోవూరు, ఇప్పుడు హైదరాబాద్ | శనివారం ఉదయం 9:10

మంచి ప్రశ్న అడిగావు. ఈటీసీలో సిస్టమ్‌డి, దానిలో నెట్‌వర్క్ అనే ఫోల్డరు ఉంటుంది. అక్కడ 10తో మొదలయ్యే పేరుతో, డాట్ లింక్‌తో ముగిసే ఫైలు పెట్టాలి. సిస్టమ్ తనతో తెచ్చుకునే ఫైలు 99తో మొదలవుతుంది. అక్షర క్రమంలో ముందు సరిపోయిన ఫైలు ఒక్కటే అమలవుతుంది కాబట్టి 10 అనేది గెలుస్తుంది. లోపల రెండు భాగాలు. మ్యాచ్ అనే భాగంలో కార్డును ఎలా గుర్తుపట్టాలో రాస్తావు, లింక్ అనే భాగంలో దానికి ఏ పేరు పెట్టాలో రాస్తావు. అంతే.

ఈత్0 మాత్రం వద్దు. కెర్నల్ కూడా అదే వరస పేర్లు పంచుతూ ఉంటుంది. నువ్వు ఒక కార్డును ఈత్0 చేయబోయే సమయానికి ఆ పేరు ఇంకో కార్డు దగ్గర ఉంటే మార్పు జరగదు. ఒక రోజు పనిచేసి మరో రోజు పనిచేయదు. కెర్నల్ వాడని పేరు ఏదైనా పెట్టుకో.

ఫైలు రాశాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (మెషీన్ లేచేటప్పుడు మొదట లోడయ్యే చిన్న ఫైళ్ల మూట) కూడా మళ్లీ కట్టాలి. డెబియన్, ఉబుంటు అయితే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, రెడ్‌హ్యాట్ కుటుంబం అయితే డ్రాకట్. ఇది మర్చిపోయి, ఫైలు సరిగ్గానే ఉంది కదా పేరెందుకు మారలేదని గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఉబుంటులో నెట్‌ప్లాన్ వాడితే అందులోనే మ్యాక్ రాసి, సెట్-నేమ్ అని కొత్త పేరు ఇవ్వొచ్చు.

కావలికూడలి | కావలి | శనివారం ఉదయం 11:20

మాది కేబుల్ ఇంటర్నెట్ పని. మైక్రోటిక్ రౌటర్లలో ఈథర్1, ఈథర్2 అని ఉంటాయి, డబ్బా మీద పోర్ట్ పక్కన అదే నంబర్ అచ్చు ఉంటుంది. స్తంభం ఎక్కిన కుర్రాడికి రెండో దాంట్లో పెట్టరా అంటే చాలు. సర్వర్లో మీరు ఏ పేరు పెట్టినా అది బయట లోహం మీద కనబడకపోతే ఫోన్లో పని జరగదు. పెన్నాతీరం బాబూ, మీ ఎలక్ట్రీషియన్‌కు ఈఎన్‌పీ3ఎస్0 అంటే ఏం అర్థమవుతుంది చెప్పు?

పెన్నాతీరం | నెల్లూరు | శనివారం మధ్యాహ్నం 1:05

నిజమే సార్. ఆ తెల్లవారుజామున నేను ఆయనకు పై నుంచి రెండోది, ఎడమ పక్కది అని చెప్పుకుంటూ పోయాను. ఆయన సర్వర్ వెనక నిలబడ్డాడు, నా మనసులో ముందువైపు బొమ్మ ఉంది. ఎడమ కుడి అయిపోయింది.

బ్యారన్‌పొగ | టంగుటూరు | శనివారం సాయంత్రం 6:40

మొలగొలుకులు గారు చెప్పింది బాగుంది గానీ మ్యాక్‌తో కట్టేయడం గురించి నాకు ఒక భయం ఉంది. మన వైపు సంగతి వేరు. సముద్రం పక్కన ఉప్పుగాలికి పోర్టుల్లో పిన్నులు పచ్చబడి పోతాయి. పిడుగులు పడే రోజుల్లో స్విచ్‌తో పాటు కార్డు కూడా పోతుంది. నా చేతిమీదుగా నాలుగేళ్లలో ఆరు కార్డులు మార్చాను. కొత్త స్లాట్‌లో కొత్త సామాను పెట్టింది మాత్రం రెండే సార్లు.

మ్యాక్‌తో కట్టేస్తే కార్డు మార్చిన వెంటనే ఆ ఫైలు పనికిరాదు. పేరు మళ్లీ ఈఎన్‌పీ ఏదో అవుతుంది, బ్రిడ్జి లేవదు. అదే డిఫాల్ట్ పేరైతే అదే స్లాట్‌లో అలాంటి కార్డే పెడితే అదే పేరు వస్తుంది, షాపు కుర్రాడు వచ్చి మార్చినా సర్వర్ దానంతట అదే లేస్తుంది. కొత్తది కలపడం మనం ముందే అనుకుని, మనిషి దగ్గరుండి చేసుకునే పని. పాడైన కార్డు మార్చడం అర్ధరాత్రి పని. అర్ధరాత్రి పనికే పద్ధతి అనుకూలంగా ఉండాలి.

ఒంగోలుగిత్త | ఒంగోలు | శనివారం రాత్రి 8:15

నేను చెప్పలేకపోయిన మాట టంగుటూరు తమ్ముడు చెప్పాడు. అయినా లింక్ ఫైలులో మ్యాక్ ఒక్కటే కాదు, పాత్ అని రాసి పీసీఐ దారితో కూడా కట్టొచ్చు. అప్పుడు పేరు మనకు నచ్చింది ఉంటుంది, కార్డు మార్చినా నిలుస్తుంది.

మొలగొలుకులు | కోవూరు, ఇప్పుడు హైదరాబాద్ | శనివారం రాత్రి 10:30

పాత్‌తో కట్టొచ్చు అన్నా, కానీ ఆ దారిలో ఉండేది అదే బస్ నంబర్. తమ్ముడి డిస్కు కథ మళ్లీ మొదటికొస్తుంది.

బ్యారన్‌పొగ గారి మాట మీద సాయంత్రమంతా ఆలోచించాను. నేను డేటా సెంటర్లో కూర్చుని మాట్లాడుతున్నాను, అక్కడ ఏసీ గది, ఉప్పుగాలి లేదు. ఆయన లెక్కే మీ ఊళ్లకు సరైన లెక్క. అయితే దీనికి ఒక దారి ఉంది. మ్యాచ్ భాగంలో మ్యాక్ అడ్రస్ ఒక్కటే రాయాలని ఏమీ లేదు, మధ్యలో ఖాళీ వదిలి ఎన్నైనా రాయొచ్చు. వాటిలో ఏది కనబడినా ఆ పేరు పెడుతుంది. కాబట్టి స్పేర్ కార్డు ముందే కొని పెట్టుకోండి. దాని మ్యాక్‌ను ఈ రోజే ఆ వరసలో చేర్చండి. కార్డును కవరులో పెట్టి, మీద సర్వర్ పేరు రాసి అదే ర్యాక్‌లో ఉంచండి. అర్ధరాత్రి ఎవరు మార్చినా ఫైలు ముట్టుకోకుండా సర్వర్ లేస్తుంది. రెండు పోర్టుల కార్డయితే రెండు మ్యాక్‌లుంటాయి, ఏది ఏ ఫైలులోకో చూసి రాయాలి. పాతదీ స్పేరూ ఒకేసారి బిగించకూడదు, ఒకే పేరుకు రెండూ పోటీపడతాయి.

ఇంకొకటి. మ్యాక్ అడ్రస్ అని కాకుండా పర్మనెంట్ మ్యాక్ అడ్రస్ అనే మాట వాడండి. బాండ్ చేస్తే (రెండు మూడు కార్డులను ఒకటిగా కలిపితే) లోపలి కార్డులన్నీ ఒకే మ్యాక్ చూపిస్తాయి, వీలాన్ పోర్ట్ (ఒకే కార్డు మీద విడదీసుకున్న వేరే నెట్‌వర్క్) కూడా తల్లి కార్డు మ్యాక్‌నే తీసుకుంటుంది. అప్పుడు మీ రూల్ తప్పు దానికి అంటుకునే ప్రమాదం ఉంది. కార్డులో కంపెనీ రాసిన అసలు అడ్రస్ మారదు. ఈత్‌టూల్ కమాండ్‌కు ఇంగ్లిష్ పెద్ద పి ఇస్తే అది చూపిస్తుంది. చిన్న పి ఇస్తే ఆ పోర్ట్ లైటు మిణుకుమిణుకుమంటుంది, ఏ రంధ్రం ఏదో వెనక నిలబడ్డ మనిషి చెప్పేస్తాడు.

బ్యారన్‌పొగ | టంగుటూరు | శనివారం రాత్రి 10:52

స్పేర్ మ్యాక్ ముందే రాసి పెట్టడం నాకు తట్టలేదు అక్కా. ఇది ఒప్పుకుంటాను.

గెలాక్సీరాయి | చీమకుర్తి | ఆదివారం ఉదయం 9:00

అయితే పేర్లేం పెట్టాలి? బయటి ఇంటర్నెట్‌కు వాన్, లోపలి నెట్‌వర్క్‌కు లాన్ అనా?

ఒంగోలుగిత్త | ఒంగోలు | ఆదివారం ఉదయం 10:20

పని పేరు పెట్టడమే మంచిది గానీ మరీ చిన్న పనికి కట్టొద్దు. ఒకచోట సీసీటీవీ అని పెట్టారు, ఏడాది తర్వాత అదే కేబుల్ మీద అటెండెన్స్ మెషీన్లు, వైఫై అన్నీ నడుస్తున్నాయి. కొత్తగా వచ్చినవాడు కెమెరాల పోర్టే కదా అని ఆపేశాడు.

కొలత కూడా చూసుకోండి. లైనక్స్‌లో పోర్ట్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. వీలాన్ పెడితే చివర చుక్క, నాలుగంకెలు కలిసి 5 పోతాయి, కాబట్టి అసలు పేరు 10 లోపు ఉండాలి. ఆల్, డిఫాల్ట్ అనే మాటలు పేరుగా వాడొద్దు, కెర్నల్ సెట్టింగుల్లో వాటికి వేరే అర్థం ఉంది.

పేరు మార్చే రోజు ఫైర్‌వాల్ మర్చిపోవద్దు. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే లైనక్స్ ఫైర్‌వాల్‌లో పోర్టును రెండు రకాలుగా రాయొచ్చు. ఐఐఎఫ్ అని రాస్తే రూల్స్ లోడయ్యే సమయానికి ఆ పోర్ట్ ఉండి తీరాలి, లేకపోతే ఫైలు మొత్తం లోడవదు, సర్వర్ తలుపులు తీసి ఉన్నట్టే. ఐఐఎఫ్‌నేమ్ అని రాస్తే లోడవుతుంది గానీ, పాత పేరు మిగిలిపోతే ఆ రూల్ ఎవరికీ తగలకుండా ఊరికే ఉంటుంది. రెండూ చెడ్డవే. అందుకే పాత పేరు ఈటీసీ మొత్తంలో వెతికి, ఒక్కచోట కూడా మిగల్లేదని చూసుకున్నాకే రీబూట్ చేయండి. డీహెచ్‌సీపీ సర్వర్, మానిటరింగ్, బ్యాకప్ స్క్రిప్టులు, అన్నిట్లో ఉంటుంది.

కావలికూడలి | కావలి | ఆదివారం ఉదయం 11:45

నాదొక మాట. ఇంగ్లిష్ పొట్టి పేర్లు ఎందుకు? ఇంగ్లిష్ అక్షరాల్లోనే బయట, లోపల అని రాయండి. ఆరేసి అక్షరాలు. పోర్ట్ పక్కన స్టిక్కర్ మీద తెలుగులో అదే మాట. ఎలక్ట్రీషియన్‌కు, గుమాస్తాకు, మీకు ఒకే పేరు.

మైపాడుఅల | నెల్లూరు | ఆదివారం మధ్యాహ్నం 12:10

అక్కా, వర్చువల్ మెషీన్లలో కూడా ఇలా పెట్టాలా? మా ల్యాబ్‌లో ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద అన్నిటికీ ఈఎన్‌ఎస్18 అనే వస్తోంది.

మొలగొలుకులు | కోవూరు, ఇప్పుడు హైదరాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 2:00

అవసరం లేదు. వర్చువల్ మెషీన్‌కు కార్డు స్లాట్ హైపర్‌వైజరే (ప్రాక్స్‌మాక్స్ లాంటిది) ఇస్తుంది, అది స్థిరం. క్లోన్ చేసినా ఈఎన్‌ఎస్18 అలాగే ఉంటుంది, అక్కడ మ్యాక్‌తో కట్టేస్తేనే క్లోన్ చెడుతుంది. కింద ఉన్న అసలు మెషీన్‌కే ఈ జాగ్రత్తంతా. ప్రాక్స్‌మాక్స్ 9లో పోర్ట్ పేర్లను పిన్ చేసే కమాండ్ కూడా ఇచ్చారు, లింక్ ఫైళ్లు అదే రాసి నిక్0, నిక్1 అని పెడుతుంది.

కావలి సార్ మాట నాకు చాలా నచ్చింది.

పెన్నాతీరం | నెల్లూరు | తర్వాతి ఆదివారం రాత్రి 9:30

అందరికీ దండాలు. ఈ వారం ఏం చేశానో చెబుతాను.

వర్చువల్ మెషీన్లను ముట్టుకోలేదు. ఒకే పోర్ట్ ఉన్న మూడు సర్వర్లలో చీమకుర్తి తమ్ముడు చెప్పినట్టు ఈత్0 పెట్టబోయి ఆగిపోయాను. రేపు రెండో కార్డు పడదని ఎవరు చెప్పగలరు? వాటికి కూడా లింక్ ఫైలే రాశాను. మిగతా ఎనిమిదిలో ఇప్పటికి ఐదు అయ్యాయి. పేర్లు బయట, లోపల. ప్లాంటులో మూడో పోర్ట్ తూకం కాటాలకు పోతుంది, దానికి ముందు కాటా అని పెట్టాను. ఒంగోలు అన్న సీసీటీవీ సంగతి గుర్తొచ్చి దాన్ని లోపల2గా మార్చాను.

టౌన్ ఆఫీసు సర్వర్లో బాండ్ ఉంది. అక్క చెప్పిన పర్మనెంట్ అనే మాట మర్చిపోయి మామూలు మ్యాక్ రాశాను. పైగా నడుస్తున్న సర్వర్లోంచి మ్యాక్ కాపీ చేశాను కాబట్టి రెండు కార్డులకూ ఒకటే అడ్రస్ రాసుకున్నాను. రీబూట్ అయితే ఒక కార్డుకే పేరొచ్చింది. పక్కనే ఉన్నాను కనుక పది నిమిషాల్లో సరిచేశాను. మీరెవరైనా బాండ్ ఉన్నచోట చేస్తుంటే ఈత్‌టూల్ పెద్ద పితోనే చూడండి.

వెతికితే పాత పేరు రెండు చోట్ల దొరికింది. ఒకటి ఫైర్‌వాల్లో, రెండోది నేను ఎప్పుడో పరీక్ష కోసం రాసి మర్చిపోయిన బ్యాకప్ స్క్రిప్టులో.

నిన్న ప్లాంటులో డిస్కు తీసి సర్వర్ ఆన్ చేశాను, మళ్లీ పెట్టి ఆన్ చేశాను. బస్ నంబర్ 4 నుంచి 3కు, 3 నుంచి 4కు మారింది. పేరు రెండుసార్లూ లోపల అనే ఉంది, బ్రిడ్జి రెండుసార్లూ లేచింది. తర్వాత స్పేర్ కార్డు పెట్టమని ఎలక్ట్రీషియన్ అన్నకు ఇచ్చి నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఏడు నిమిషాలు పట్టింది, నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

కోల్డ్ స్టోరేజీల్లో మూడు మిగిలాయి. స్పేర్ కార్డులు బుధవారం వస్తాయి. బ్యారన్‌పొగ అన్నా, ఉప్పుగాలికి కార్డును మామూలు ప్లాస్టిక్ కవరులో ఉంచితే చాలా, సిలికా జెల్ కూడా పెట్టాలా?

బ్యారన్‌పొగ | టంగుటూరు | తర్వాతి ఆదివారం రాత్రి 10:15

కార్డుతో వచ్చే యాంటీ స్టాటిక్ కవరు పారేయొద్దు తమ్ముడూ, దాంట్లోనే ఉంచు. దాన్ని జిప్ కవరులో పెట్టి రెండు సిలికా పొట్లాలు వెయ్యి, వానాకాలం ముందు పొట్లాలు మార్చు. కవరు మీద మ్యాక్, సర్వర్ పేరు మార్కర్‌తో కాకుండా ప్రింట్ తీసి అంటించు, మా దగ్గర మార్కర్ రాత ఏడాదికే చెరిగిపోయింది.